మిరియానికి మంట ఎలా వచ్చింది

ఒకప్పుడు మిరియం మండేది కాదు. ఎండినా ఎర్రగా, నున్నగా ఉండేది. నోట్లో వేసుకుంటే తియ్యగా కరిగేది. వాసన మాత్రం వీధి చివరిదాకా వెళ్లేది.

మలబారు కొండ మీద ఒక మిరియాల తీగ పనసచెట్టును పట్టుకుని పైకి పాకింది. దాన్ని సాకింది చిరుత అనే ముసలామె. పిల్లాజెల్లా లేరు. నోరు మాత్రం ఉంది.

"ఇంకా గింజ కట్టలేదు, ఎవరికోసమే ఈ సోకులు?" అని తీగను తిట్టేది.

"ముందు నీ మోకాళ్ల సంగతి చూసుకో అవ్వా" అనేది తీగ.

ఆ తీరంలో ఒక పద్ధతి ఉండేది. పడమటిగాలి తెచ్చిన మనిషి ఎవరైనా సరే, చుట్టమే. అన్నం పెట్టి అరుగు మీద చాప వేసేవారు. గాలి వెనక్కి తిరగ్గానే ఆ చుట్టాలు తెరచాపలెత్తి వెళ్లిపోయేవారు. సాగనంపే పని గాలిదే. అందుకే అక్కడ ఎవరికీ 'పో' అనడం రాదు. అవసరం పడితే కదా.

మిరియాలు అరబ్బుల ఓడలెక్కి, ఆ తర్వాత ఒంటెలెక్కి యూరప్ దాకా వెళ్లేవి. దారిలో ఎన్ని చేతులో. ఓడవాడు కొంత మిగుల్చుకునేవాడు, ఒంటెవాడు కొంత, కోటవాకిట్లో సుంకంవాడు కొంత. చివరి ఊరి షావుకారు అందరికంటే ఎక్కువ. ఉప్పుమాంసం తినీతినీ నోరు చచ్చిన ఆ చలిదేశం వాళ్లకు గింజ అందేసరికి బంగారమంత ధర పలికేది.

వాళ్లకు చిర్రెత్తింది. ఈ చేతులన్నీ తప్పించుకునే దారి ఏదైనా ఉందా అని ఒంటెనే అడిగారు. నాకు ఇసుక తెలుసుగానీ నీళ్లు తెలియవు, పోయి సముద్రాన్ని అడుక్కోండి అని ఒంటె మూతి తిప్పుకుంది.

అలా యూరప్ నావికులు తూర్పుకు కొత్త సముద్రదారులు వెతకడం మొదలుపెట్టారు. ఆఫ్రికా ఒడ్డు పట్టుకుని కిందికి, ఇంకా కిందికి దిగారు. తుపానుకు కొందరు పోయారు. చిగుళ్లు కుళ్లి కొందరు పోయారు. మిగిలినవాళ్లు కొస చుట్టి ఇటు తిరిగారు. సముద్రం ఆపలేదు. ఎలా ఆపుతుంది, దానికి తలుపులున్నాయా?

వాళ్లలో దువార్తే అనే కెప్టెన్ చిరుత గుమ్మంలోకి వచ్చాడు. ఆమె గంజి పోసింది, చేప కాల్చి పెట్టింది, అందరికీ ఇచ్చినట్టే గుప్పెడు మిరియాలు ఇచ్చింది. అతను ఒకటి నోట్లో వేసుకుని కళ్లు మూసుకున్నాడు.

గాలి తిరిగింది. అరబ్బుల ఓడలు వెళ్లిపోయాయి. దువార్తే కదల్లేదు. ఒడ్డున రాతిగోడ కట్టించి, దాని మీద ఫిరంగి పెట్టించాడు.

చిరుత గాలిని నిలదీసింది. గాలి తలొంచుకుంది.

"తెరచాపనైతే తోస్తాను అవ్వా. రాతిగోడను నేనేం చేయను?"

ఇక తనే చెప్పాలనుకుని చిరుత దువార్తే దగ్గరికి వెళ్లింది. ఊరందరినీ దులిపేసే నోరే. తెరిచింది, మూసింది, మళ్లీ తెరిచింది. చివరికి "గాలి తిరిగింది బాబూ" అంది.

"తిరిగితే నాకేం?" అన్నాడు దువార్తే. "ఈ కొండ నాది. గింజ నాకు తప్ప ఇంకెవరికీ ఇవ్వకు."

మరో ఏడు పాత చుట్టం ఒకతను అరబ్బు దేశం నుంచి వస్తే, చిరుత ఎప్పట్లాగే అతని చేతిలో గుప్పెడు మిరియాలు పోసింది. దువార్తే సిపాయిలు చూశారు. ఆమె గుడిసెకు నిప్పు పెట్టి, కొండ దిగి పొమ్మన్నారు. వాళ్లకు ఆ మాట బాగా వచ్చు.

చిరుత తీగ దగ్గరికి వచ్చి నిలబడింది. తిట్టలేదు. తీగకు భయమేసింది అప్పుడే. ఆమె తీగ ఆకులు నిమిరి, కొండ దిగి వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

తీగ ఏడుస్తూ కూర్చోలేదు. గుడిసె బూడిదలో మిగిలిన వేడినంతా వేళ్లతో తాగింది. తాగి గింజల్లోకి పంపింది.

"నువ్వు అనలేని మాట నేనంటాను అవ్వా" అంది.

సిపాయిలు గింజలు కోసి ఎండలో పోస్తే, అవి నల్లబడి ముసలి వేళ్లలా ముడుచుకున్నాయి. దువార్తే ఒకటి కొరికాడు. నాలిక కాలింది. కళ్లలోంచి, ముక్కులోంచి నీళ్లు. తుపుక్కున ఉమ్మేశాడు. పోతాడు, ఇప్పుడు పోతాడు అని తీగ ఊపిరి బిగబట్టింది.

దువార్తే మూతి తుడుచుకున్నాడు. కాసేపు నాలిక చప్పరించాడు. చెయ్యి చాచాడు.

"ఇంకొకటి ఇవ్వండి" అన్నాడు.

మళ్లీ పడమటిగాలి వచ్చేసరికి సముద్రం నిండా యూరప్ ఓడలే. తీగ వాటిని చూసింది. చెప్పాల్సింది చెప్పేసింది, ఇంకేం మిగిలింది? ఆ తర్వాత అది ఎవరితోనూ మాట్లాడలేదు.

అప్పటినుంచే మిరియం ఎండితే నల్లబడి ముడతలు పడుతుంది, కొరికితే భగ్గుమంటుంది. పొమ్మని చెబుతుంది, పాపం. మనం కళ్లు తుడుచుకుని ఇంకాస్త వేసుకుంటాం.