ఎడమచెంప మీద గాలి

ఎవరేం అడిగినా కూర్మదాసుగారు కాసేపు కళ్ళు మూసుకుని, అడిగినదానితో సంబంధమే లేనట్టు ఏదో ఒక కథ మొదలుపెట్టేవారు. రోహిణి ఎండ నిప్పులు చెరుగుతున్న ఒక మధ్యాహ్నం శిష్యుడు జగ్గరాజు వచ్చి ఆయన ఎదుట చాప మీద కూర్చున్నాడు. పదకొండు ఊళ్ళ జమీందారు అతను. జమీలు రద్దయ్యాయి, అప్పగింత కాగితాల మీద రేపు సంతకం పెట్టాలి.

"ఆ ఊళ్ళలో సగం నేను చూడనైనా లేదు గురువుగారూ. చూడనివి పోతుంటే గుండెల్లో ఈ దిగులేమిటండీ?"

"ఆల్డ్రెడ్ అని ఒక ఇంగ్లీషు రాజు ఉండేవాడు బాబూ," అన్నారాయన.

మన దేశమూ ఆ రాజుగారి ఏలుబడిలోనే ఉండేదట. కిరీటం పెట్టుకున్న రోజు నుంచీ ఆయన ఎడమచెంపకు ఒక చల్లటి గాలి తగులుతూ ఉండేది. అందులో తడిసిన వట్టివేళ్ళ వాసన. తలుపులన్నీ బిగించినా ఆగేది కాదు. ఎక్కడి నుంచి వస్తోందో ఎవరికీ అంతుపట్టలేదు. పోనుపోను ఆ గాలి తగలందే ఆయనకు నిద్రపట్టేది కాదు.

ఇక్కడ, మన సముద్రపు ఒడ్డున ఒక కోటలో, రాజుగారి కోసమని ఒక వెండి కుర్చీ వేసి ఉంచేవారు. ఆయన ఏనాడూ రాలేదు. అయినా పైడయ్య అనే అతను రోజూ ఆ కుర్చీకి ఎడమపక్క నిలబడి వట్టివేళ్ళ విసనకర్రతో విసిరేవాడు. అతనికి ముందు వాళ్ళ నాన్న విసిరాడు.

"ఖాళీ కుర్చీకి విసురుతావేంట్రా?" అని నవ్వేవారు జవాన్లు.

"ఆయనొచ్చి కూర్చున్నాక ఉక్కపోస్తే మీరొచ్చి విసురుతారేటి?" అనేవాడు పైడయ్య.

చివరకు స్వతంత్రం కాగితాలు రాజుగారి ముందుకు వచ్చాయి. "నేను కంటితో చూడని దేశం. పటంలో ఒక రంగు మారుతుంది, అంతేగా," అంటూ ఆయన సంతకం చేశాడు. సరిగ్గా ఆ ఘడియలోనే ఇక్కడ పైడయ్య విసనకర్రను గోడకు ఆనించి ఇంటిదారి పట్టాడు.

అక్కడ కిటికీల అవతల మంచు కురుస్తోంది. రాజుగారి ఎడమచెంప మీద చెమట పట్టింది. ఆయన ఉలిక్కిపడి, బతుకులో మొదటిసారి అటు తిరిగి, "ఇంతకాలం ఇక్కడ నిలబడింది ఎవరు?" అని అడిగాడు. ఎవరూ లేరు. తివాచీ మీద మాత్రం చెప్పుల్లేని రెండు పాదాల గుర్తులు, ఏళ్ళ తరబడి నిలబడితే పడ్డట్టు, లోతుగా.

కథ ఆగింది. జగ్గరాజు మెడ తుడుచుకున్నాడు. ఇంత ఎండలో వచ్చి కూర్చున్నా ఇందాకటిదాకా తనకు చెమటే పట్టలేదని అప్పుడు తోచింది. మెల్లగా ఎడమవైపు తిరిగాడు. అక్కడ మనిషి లేడు. మేకుకు తగిలించిన తాటాకు విసనకర్ర ఒక్కటే, ఎవరో అప్పుడే వదిలేసినట్టు, ఊగి ఊగి నిలిచిపోయింది.

"సంతకం రేపు కదా బాబూ," అన్నారు కూర్మదాసుగారు. "విసిరినవాళ్ళ పేర్లు అడగడానికి ఈ పూట ఉంది."