బోసిముక్కు అమ్మవారు

ముత్యాలకోన సోమేశ్వరాలయ ప్రాంగణంలో దక్షిణాన ఉన్న అమ్మవారి గుడికి వచ్చే భక్తులకు రెండు సందేహాలు తప్పవు. ఒంటినిండా నగలున్న తల్లికి ముక్కుపుడక ఎందుకు లేదు? శుక్రవారం హారతికి ముందు ఆలయ అధికారి గడపలో నిలబడి, ఖాళీ చేతులు చాపి అందరికీ ఎందుకు చూపిస్తాడు?

పూర్వం ఇక్కడి గుళ్లన్నిటి మీదా అజమాయిషీ చేసే పారుపత్యదారు తిమ్మాభట్టు. అనుమానం పెనుభూతమంటారు; ఆ భూతం ఆయన భుజం దిగేది కాదు. ప్రసాదం వండేవాడి మూతి వాసన చూసేవాడు. తన నీడ తన వెంట ఎందుకొస్తోందని ఆరా తీసే మనిషి. అమ్మవారి వజ్రపు ముక్కుపుడకను ఎవరైనా మార్చేశారేమోనని రోజూ సాయంత్రం వేలితో తిప్పి తిప్పి చూసుకునేవాడు.

ఒకనాటి ఉదయం ముక్కుపుడక కనిపించలేదు. తిమ్మాభట్టు తలుపులు మూయించి మేళగాళ్ల మూటలు విప్పించాడు, వంటవాళ్ల కుండలు బోర్లించాడు. ఏమీ దొరకలేదు. చివరికి అతని చూపు పూలు కట్టే ఓబులక్క మీద నిలిచింది. అందరూ ఏడ్చారు, ఆమె ఏడవలేదు. ఏడవనిది దొంగ కాక మరేమిటి? సాయంత్రం అమ్మవారి ఎదుట మరిగే నేతిలో ఆమె చెయ్యి ముంచాలని, కాలితే దొంగేనని తీర్పు చెప్పాడు.

మధ్యాహ్నం కునుకులో అమ్మవారు కనిపించి, "అందరి చేతులూ చూశావు, మరి నీ చేతులో?" అని అడిగింది. తిమ్మాభట్టు దడుచుకుని లేచాడు. ఈ కల కూడా ఓబులక్క మంత్రం వేయించి తెప్పించిందేనని తేల్చుకున్నాడు. సాక్షాత్తు దేవతనే అనుమానించిన వాణ్ణి ఏమనాలి!

సాయంత్రం నెయ్యి మరుగుతోంది. పూలు కట్టే ఆ చెయ్యి పోతే ఓబులక్కకు బతుకు లేదు. ఆమె గాజులు వెనక్కి తోసుకుంది.

"పెడతా సామీ. అందరి చేతులూ చూసినావే, నీయి ఎవురన్నా చూసినారా?"

కలలోని మాటే! తిమ్మాభట్టుకు ఒళ్లు మండింది. "చూసుకోవే!" అని చేతులు చాపి, గుడికి వచ్చేటప్పుడు మాత్రమే కప్పుకునే పట్టు ఉత్తరీయాన్ని విదిలించాడు. అంచు దారాల్లో చిక్కుకున్న ముక్కుపుడక టంగున రాతినేల మీద పడింది.

రోజూ తిప్పి దాని శీల వదులు చేసింది తన వేలే. నిన్న వంగి చూసినప్పుడు ఊడి తనకే తగులుకుంది. సిగ్గుతో అతని ప్రాణం చచ్చిపోయింది. నేతిలోకి తన చెయ్యే చాపబోతే ఓబులక్క మణికట్టు పట్టుకుని ఆపింది.

అర్చకుడు ముక్కుపుడక తిరిగి అమ్మవారికి పెట్టబోయాడు.

"ఒద్దు సామీ," అంది ఓబులక్క. "అది ఉంటే ఈ సామి అమ్మ మొగం చూడడు. ముక్కే చూస్తాడు."

తిమ్మాభట్టు తలెత్తి చూశాడు. అమ్మవారు నవ్వుతున్నదని ఇన్నేళ్ల కొలువులో అతనికి తెలియనే తెలియదు.

నాటి నుంచి అమ్మ బోసిముక్కుతోనే పూజలందుకుంటోంది. అధికారి చేతులు చూపాకే భక్తుల వంతు. ఒకరినొకరు నమ్మలేని ఆలుమగలు, అన్నదమ్ములు ఇక్కడికి వచ్చి ఎదురెదురుగా నిలబడి చేతులు చాపుతారు. ముందు ఎవరు చాపాలన్న దగ్గరే చాలామంది ఆగిపోతారు. ముందు చాపినవారికే ఇక్కడ హారతి ముందు అందుతుంది.