తెర్లమ్మ తల్లికి కుడి అరచెయ్యి ఎందుకు లేదు

సారికొండ ఘాటు రోడ్డు ఎక్కుతూ ఉంటే, నక్కలగెడ్డ వంతెన దాటాక వచ్చే పెద్ద మలుపులో బస్సులన్నీ ఆగుతాయి. ఆపమని డ్రైవరును ఎవరూ అడగక్కర్లేదు. ఎడమ వైపు కొండరాతిని ఆనుకుని రేకుల పందిరి, పందిరి కింద ఎప్పుడూ మండే పొయ్యి, పొయ్యి వెనక తెర్లమ్మ తల్లి. విగ్రహం మూరెడు ఎత్తు నల్లరాయి. ఎడమ చేతిలో గరిటె ఉంటుంది. కుడి చెయ్యి మణికట్టు దగ్గరే ఆగిపోతుంది, దానికి పసుపు గుడ్డ చుట్టి ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్లు "అయ్యో, ఏ పాపిష్టివాడు విరగ్గొట్టాడో" అని నొచ్చుకుంటారు. ఎవరూ విరగ్గొట్టలేదు, చెక్కినవాడు మరిచిపోనూ లేదు. భిన్నమైన విగ్రహానికి పూజేమిటని పెదవి విరిచే పెద్దమనుషులు ఈ చిన్న పుస్తకం చివరిదాకా చదివి, ఆ తర్వాత మాట్లాడవలసిందిగా మనవి.

ఇక్కడ తీర్థం పాలు లేని నల్ల టీ. అల్లం, కాసిన్ని మిరియాలు, తాటి బెల్లం వేస్తారు. భక్తులు లోటా చాపి "కాగిందా అమ్మా?" అని అడగాలి. పూజ చేసే పైడమ్మగారు గంగాళంలోకి తొంగి చూసి "తెర్లింది" అంటారు. తెర్లడమంటే సలసలా మరగడం. 'కాగింది' అనే జవాబు మాత్రం ఈ పందిరి కింద వినపడకూడదు. పొరపాటున ఎవరి నోటైనా వచ్చిందా, ఆ గంగాళం మొత్తం పారబోసి కొత్త నీళ్లు పెడతారు. అవతల బస్సువాడు హారను మోగించి మోగించి అలిసిపోవలసిందే.

ఇంకొక్క మాట. రోడ్డుకు అవతలి పక్కన కొట్లలో "తెర్లమ్మ తేయాకు: షుగరు తగ్గును, బీపీ పోవును, మోకాళ్ల నొప్పులు మాయం" అని బోర్డులు పెట్టి పొట్లాలు అమ్ముతున్నారు. ఆలయానికీ ఆ పొట్లాలకూ సంబంధం లేదు. టీ తాగితే బడలిక తీరుతుంది, చలి వదులుతుంది, మనసు కాస్త కుదుటపడుతుంది. అంతకు మించి అమ్మవారు ఎవరికీ మాట ఇవ్వలేదు. అలా మాట ఇచ్చినవాడు వేరే ఉన్నాడు, వాడి సంగతి ఇప్పుడే వస్తుంది.

పూర్వం ఇక్కడ రోడ్డు లేదు. కొండను పగలగొట్టి దారి తియ్యడానికి మైదానం నుంచి కూలి జనం వచ్చి, ఈ మలుపులో ఒక బస, కింద పారే గెడ్డ ఒడ్డున ఒక బస వేసుకున్నారు. మలుపు బసలో వంట చేసే మనిషి సన్యాసమ్మ. భర్త సోములు రాళ్లు కొట్టేవాడు. వాళ్లకు గౌరి అని ఒక్కతే కూతురు, అప్పుడప్పుడే పాలపళ్లు ఊడుతున్న పిల్ల. అంతకు ముందు పుట్టినవాళ్లెవరూ దక్కలేదు. అందుకే సన్యాసమ్మ ప్రాణాలన్నీ ఆ పిల్ల మీదే పెట్టుకుని బతికేది.

ఒకనాడు ఎవరో తేయాకు వ్యాపారుల తరఫున ఒక పంతులు డప్పు వేయించుకుంటూ కొండెక్కాడు. జనం ఆయనకు ఆకు పంతులని పేరు పెట్టారు. ఆ రోజుల్లో మన వైపు టీ అంటే ఏమిటో తెలిసినవాళ్లు తక్కువ. పంతులు ఒక బండ మీద నిలబడి గొంతెత్తాడు. "ఇది ఆకు కాదు, సంజీవని! ఒళ్లు నొప్పులు లాగేస్తుంది, నెత్తురు శుద్ధి చేస్తుంది, చలిజ్వరం దరికి రానివ్వదు, మందబుద్ధికి పదును పెడుతుంది!"

సోములు వేళాకోళం మనిషి. "పంతులూ, మా ఆడదాని కోపం కూడా తగ్గిస్తాదేటి?" అన్నాడు.

"బుద్ధికి పదునన్నాడు గదా, ముందు నువ్వు తాగు" అంది సన్యాసమ్మ. బస మొత్తం గొల్లుమంది.

పంతులు ఒక పెట్టెడు ఆకు ఉచితంగా ఇచ్చి, సన్యాసమ్మను పిలిచి చేసే పద్ధతి చెప్పాడు. "నీళ్లు కాగాక ఆకు వెయ్యి తల్లీ, అంతే." కాగాక అన్నాడు గానీ ఎంత కాగాలో చెప్పలేదు. మన భాషలో గోరువెచ్చనైనా కాగినట్టే, పొంగి పొర్లినా కాగినట్టే. సన్యాసమ్మ అన్నానికి ఎసరు పెట్టే చెయ్యి గనుక, అలవాటు కొద్దీ గెడ్డ నీళ్లు తెర్లిన తర్వాతే ఆకు వేసేది. పొద్దుటా సాయంత్రమూ మలుపు బసంతా టీ తాగి పనికి పోయేది. మధ్యలో దాహమేసినా ఆ గంగాళంలో చల్లారిన టీనే ముంచుకునేవారు. గెడ్డ ఒడ్డువాళ్లు మాత్రం ఆ చేదు కషాయం మాకెందుకని గెడ్డ నీళ్లే తాగేవారు.

వానలు పట్టాయి. వానలతో పాటు కలరా వచ్చింది. గెడ్డ ఒడ్డు బసలో పొద్దున్న నవ్వుతూ తిరిగిన మనిషి పొద్దుగూకేసరికి కళ్లు లోతుకు పోయి, కాళ్లు కొంకర్లు పోయి, నీళ్లు నీళ్లని అడుగుతూ ప్రాణం విడిచేవాడు. పాడె కట్టడానికి వెదురు తెచ్చినవాడే మర్నాడు పాడె ఎక్కేవాడు. ఇంతా జరుగుతున్నా మలుపు బసలో ఒక్కరికీ చీమ కుట్టలేదు. ఇక జనం ఊరుకుంటారా? పంతులు మాట నిజమైందన్నారు. ఆకు నమిలారు, ఆకు నుదుట రాసుకున్నారు, ఆకు తాయెత్తులో పెట్టి పిల్లల మెడలో కట్టారు. సన్యాసమ్మ కూడా గౌరి మెడలో ఒకటి కట్టి కళ్లకద్దుకుంది. నీళ్ల సంగతి ఎవరికీ తట్టలేదు. పొయ్యి సంగతి అసలే తట్టలేదు.

ఆషాఢం ముసురులో కట్టెలన్నీ తడిసి ముద్దయ్యాయి. ఆ రోజు సన్యాసమ్మకు ఊది ఊది కళ్లు వాచిపోయాయి, పొగ తప్ప మంట రాలేదు. గంగాళంలో నీళ్లు చెయ్యి పెడితే హాయిగా ఉండేంత వెచ్చబడి అక్కడే ఆగిపోయాయి. అవతల జనం వానలో వణుకుతూ వచ్చేశారు. మహిమంతా ఆకులోనే కదా ఉందని ఆమె రెండింతల ఆకు వేసి కలియబెట్టింది. రంగు దిగింది, వాసనా వచ్చింది.

సోములు తలకు చుట్టిన గోనె తీసి పిండుకుంటూ, "ఏటే, కాగిందా?" అన్నాడు.

"కాగింది, తాగు" అంది సన్యాసమ్మ.

అబద్ధం చెబుతున్నానని ఆమె అనుకోలేదు. సోములు తాగి, "ఈ పూట నోరు కాల్లేదు, బాగుందే" అని మెచ్చుకున్నాడు కూడా. అందరికీ పోసేసరికి గంగాళం అడుగంటి ఆమెకు మిగల్లేదు. గౌరి పొద్దుటి టీ ఏదో ఉంటే తాగి, అప్పటికే నిద్రపోయింది.

మర్నాడు సోములుకు వాంతులు మొదలయ్యాయి. అతనితో పాటు ఆ టీ తాగినవాళ్లలో సగం మంది పడిపోయారు. సన్యాసమ్మ అతని పక్కనే కూర్చుంది. "నీళ్లియ్యే" అని సోములు అడిగినప్పుడల్లా లోటా అందించింది, అతను తాగాడు, కక్కాడు. చీకటి పడకముందే అతని నోట మాట పడిపోయింది, ప్రాణమూ పోయింది. గోతిలో పెట్టి మన్ను కప్పి వచ్చాక ఆమె పొయ్యి ముందు కూలబడింది. తిండి లేదు, ఏడుపు లేదు. అదే ఆకు, అదే గెడ్డ నీళ్లు, అదే గంగాళం. తక్కువైంది ఒక్క మంట. ఆ సంగతి తోచగానే ఆ తల్లి నెత్తి బాదుకుని ఏడ్చిన ఏడుపు కొండంతా వినపడిందంటారు.

ఆమె వెళ్లి మేస్త్రి గంగునాయుడితో చెప్పింది. "బాబూ, ఆకులో ఏటీ లేదు. నీళ్లు తెర్లాల. నాను తెర్లకుండానే కాగిందన్నాను. నా మొగుణ్ణి నానే సంపేసినాను."

నాయుడు చెడ్డవాడు కాదు, భయపడ్డవాడు. "ఆకులో సత్తువ సచ్చింది గానీ నీళ్లకేటయింది? గెడ్డ నీళ్లు అద్దంలాగున్నాయి" అన్నాడు. కానీ 'నానే సంపేసినాను' అన్న మాట ఒక్కటి బసంతా పాకిపోయింది. సన్యాసమ్మ చిల్లంగి పెట్టింది, చేతబడి చేసిందన్నారు. ఆమె చేతి టీ తాగితే చావేనన్నారు. తాయెత్తులు తెంపి పారేశారు. నిన్నటిదాకా టీ కోసం క్యూ కట్టిన జనం లోటాలు పట్టుకుని గెడ్డ దారి పట్టారు. ఆమె అడ్డం పడి కాళ్లు పట్టుకుంటే, తన్ని దాటుకుని వెళ్లారు.

పొడి కట్టె ఎక్కడుంది? పాకలో సోములు పడుకున్న నులకమంచం ఉంది. అతని సుత్తి పిడి, పలుగు పిడి ఉన్నాయి, ఆ చేతుల చెమట పట్టి నున్నబడినవి. సన్యాసమ్మ గుండె రాయి చేసుకుని మంచం విరిచింది, పిడులు ఊడగొట్టింది, అన్నీ పొయ్యిలో పెట్టింది. మంట లేచింది. నీళ్లు సలసలా తెర్లి, మూత ఎగిరి పడింది. ఆకు వేసింది. చుట్టూ జనం దూరంగా నిలబడి చూశారే తప్ప ఒక్కరూ ముందుకు రాలేదు.

గౌరికి పొద్దుటినుంచీ దాహం. పెదాలు ఎండిపోయాయి. అమ్మ వైపు చూసింది, గంగాళం వైపు చూసింది, చేతిలో లోటా పట్టుకుని గెడ్డ వైపు అడుగు వేసింది.

"గౌరీ! ఇటు రాయే. ఇది తాగు."

"నాను తాగను. అయ్య కూడా ఇదే తాగినాడు."

పిల్ల అన్నదాంట్లో తప్పేముంది?

గౌరి ఏడుపు గొంతుతో అడిగింది. "నిజింగా కాగిందా అమ్మా?"

ఏమని జవాబు చెప్పగలదు? ఆ మాటే కదా మొగుడికి చెప్పింది. అదే మాట మళ్లీ చెబితే ఏ పిల్ల నమ్ముతుంది? నమ్మకపోతే గెడ్డకు పోతుంది. ఉన్నది ఒక్కటే బిడ్డ. సన్యాసమ్మ తన కుడి చెయ్యి మణికట్టు దాకా తెర్లే గంగాళంలో ముంచింది. ముంచి, అలాగే ఉంచి, కూతురు కళ్లలోకి చూసింది.

"అమ్మా! తీసెయ్యే! తాగుతానమ్మా, తాగుతాను, సెయ్యి తియ్యే!" అని గౌరి పెట్టిన కేకకు గంగునాయుడు పరుగెత్తుకొచ్చి ఆమెను వెనక్కి లాగాడు. చెయ్యి చూసి అతను మొహం తిప్పేసుకున్నాడు. గౌరి వెక్కుతూనే ఊదుకుని ఊదుకుని టీ తాగింది. తర్వాత మేస్త్రి ముంచుకున్నాడు. ఆ తర్వాత జనమంతా వచ్చారు, ఎవరూ తలెత్తి ఆమెను చూడలేకపోయారు. ఆనాటి నుంచి తెర్లని చుక్క ఎవరి గొంతులోనూ పడలేదు. ఉన్న రోగం తగ్గుముఖం పట్టింది, కొత్తగా ఎవరూ పడలేదు.

కథ ఇక్కడితో ముగిస్తే అందరికీ బాగుండేది. కానీ చెయ్యి మానలేదు. పసరు కట్టారు, వెన్న రాశారు, అది కుళ్లుతూ పైకి పాకింది. కొన్నాళ్లు ఎడమ చేత్తోనే గరిటె తిప్పి అందరికీ టీ పోసింది. తర్వాత లేవలేకపోయింది. ఒళ్లు పెనంలా కాలిపోతుంటే "సల్లటి నీళ్లు ఒక్క గుక్క, గెడ్డ నీళ్లు, గౌరీ, ఒక్క గుక్క" అని బతిమాలింది. పోతూ పోతూ అడుగుతోంది, తెచ్చి పొయ్యమన్నారు పెద్దలు. గౌరి ఒప్పుకోలేదు. "తెర్లకుండా ఇయ్యను" అంది. నీళ్లు మరిగించి, ఈ చెంబులోంచి ఆ చెంబులోకి ఎత్తి పోస్తూ, ఊదుతూ చల్లార్చింది. చల్లారిన నీళ్లు తెచ్చి పెదాలకు ఆనించేసరికి సన్యాసమ్మ లేదు.

రోడ్డు పూర్తయ్యాక రాళ్లు కొట్టినవాళ్లే ఆమె రూపం చెక్కారు. ఎడమ చెయ్యి చెక్కారు, గరిటె పెట్టారు. కుడి అరచెయ్యి మొదలుపెట్టబోయే ముందు ఆమె గంగునాయుడి కలలోకి వచ్చింది. "నాకు లేనిది నాకెందుకు పెడతారు? గుడీ గోపురమూ నాకొద్దు. పొయ్యి ఆర్పకండి, అదే పదివేలు" అని చెప్పి వెళ్లిపోయింది. ఆ మాట ప్రకారమే ఇప్పటికీ ఇక్కడ గోపురం లేదు, విగ్రహానికి కుడి అరచెయ్యి లేదు, పొయ్యి ఆరలేదు. తెర్లిన తర్వాతే అందరికీ ఇచ్చిన తల్లి గనుక ఆమెకు తెర్లమ్మ అని పేరు స్థిరపడింది. పైడమ్మగారు గౌరి మునిమనవరాలు.

ఇక్కడ తీర్థం తీసుకున్నవారికి ప్రయాణ బడలిక తీరుతుంది, ఇంట్లో పిల్లాపాపలు చల్లగా ఉంటారు. అయితే ఇంటికి వెళ్లాక కూడా నీళ్లు తెర్లించుకుని తాగినవారికే ఆ ఫలం దక్కుతుందని పెద్దల మాట. ఒట్టి దండం పెట్టి పోతే అమ్మ ఏం చేస్తుంది?

ఏటా ఆషాఢంలో ఇక్కడ చల్లార్పు పండగ జరుగుతుంది. ఆ రోజు టీ ఉండదు, మేళతాళాలు ఉండవు. ఆడవాళ్లంతా వరసగా కూర్చుని మరిగిన నీళ్లను చెంబులోంచి చెంబులోకి ఎత్తి పోస్తూ ఉంటారు. చెంబుల చప్పుడు తప్ప ఇంకేమీ వినపడదు. నీళ్లు చల్లబడ్డాయని తేలాక పైడమ్మగారు ఒక లోటా నిండా పట్టుకెళ్లి రాతి పెదాలకు ఆనించి, ఆనాడు గౌరి తల్లికి చెప్పేలోపే వేళ మించిపోయిన మాట చెబుతారు.

"తెర్లి సల్లారింది, తాగమ్మా."