బీరువాలో పెట్టిన రౌటర్

సామర్లకోట స్టేషన్ రోడ్డు పక్క సందులో కోటిలింగం అనే పెద్దమనిషి ఉండేవాడు. తన నీడ తన వెంటే ఎందుకు నడుస్తోందని కూడా ఆరా తీసేంత అనుమానం ఆయనకి. ముప్ఫై ఏళ్ళు సహకార సంఘం గోడౌన్‌లో స్టోర్‌కీపర్‌గా పనిచేసి రిటైరయ్యాడు. ఆయన గోడౌన్‌ని వదిలాడు గానీ గోడౌన్ ఆయన్ని వదల్లేదు. తాళం వేస్తే మూడుసార్లు లాగి చూసేవాడు. పంచదార డబ్బాలో పైన చదును చేసి, వేలితో ఒక గీత గీసి మూత పెట్టేవాడు. గీత చెదిరితే ఇంట్లో విచారణే. చీమ పాకినా చెదిరే గీత అది. చీమ చేసిన పనికి కోడలు ప్రసూన సంజాయిషీ చెప్పుకునేది.

ప్రసూన వ్యవసాయంలో డిగ్రీ చదివింది. పెళ్ళయిన అయిదేళ్ళలో ఆ చదువు మేడ మీద కుండీల్లోని వంగమొక్కలకి తప్ప ఎవరికీ పనికిరాలేదు. ఇన్నాళ్ళకి హైదరాబాదు కంపెనీ ఒకటి ఆమెను ఇంటర్వ్యూకి పిలిచింది. పంటకి తెగులు పట్టిందని రైతులు ఫోన్ చేస్తే, ఇంట్లో కూర్చునే మందు చెప్పే ఉద్యోగం. కోడలు ఊరు దాటితే కొంపలంటుకుంటాయనుకునే ఇంట్లో అంతకంటే మంచి అవకాశం మళ్ళీ రాదు. ఇంటర్వ్యూ గురువారం పదకొండు గంటలకి, లాప్‌టాప్‌లోనే.

ఆ సందులో ఫోన్‌కి సిగ్నల్ నిలవదు. అందుకని ప్రసూన భర్త లారీ ఆఫీసు పని మీద విజయనగరం వెళ్తూ, ఇంట్లో ఉన్న మోడెంకి ఒక వైర్‌లెస్ రౌటర్ పెట్టించమని చెప్పి వెళ్ళాడు.

సోమవారం పొద్దున యేసురత్నం అనే మెకానిక్ వచ్చి పని మొదలుపెట్టాడు. కోటిలింగం అతని భుజం మీదుగా తల పెట్టి ప్రతి తీగకీ జవాబు అడిగాడు. మోడెం నెట్టుని ఇంటిదాకా తెస్తుందనీ, రౌటర్ దాన్ని గాలిలో గదులన్నిటికీ పంచుతుందనీ యేసురత్నం ఓపికగా చెప్పాడు. గాలిలో అయితే గోడ దాటి పోదా అని కోటిలింగం అడిగాడు. కొంచెం దాటుతుంది, కానీ పాస్‌వర్డ్ తెలియని వాళ్ళకి అది ఎందుకూ పనికిరాదు అన్నాడు యేసురత్నం. కోటిలింగానికి దాటుతుందన్న మాట వరకే వినబడింది.

"ఇంటికి నడిమధ్యన, ఎత్తులో, ఖాళీ చోట పెట్టండి. ఏ అడ్డూ ఉండకూడదు" అని చెప్పి యేసురత్నం వెళ్ళిపోయాడు.

ఖాళీ చోట పెట్టమంటున్నాడంటే ఇందులో వీడికేదో లాభం ఉందనుకున్నాడు కోటిలింగం. విలువైన సరుకు ఇనుము వెనకాల ఉండాలన్నది ఆయన ముప్ఫై ఏళ్ళ అనుభవం. సాయంత్రానికల్లా ఇనప బీరువా వెనక బెజ్జం వేయించి, తీగలు అందులోంచి లాగించి, మోడెంనీ రౌటర్‌నీ కలిపి పట్టుచీరల పక్కన కూర్చోబెట్టాడు. తలుపు మూసి తాళం వేసి, మూడుసార్లు లాగి చూసి, తాళంచెవి మొలతాడుకి కట్టుకున్నాడు. పాస్‌వర్డ్ కోడలికి కూడా చెప్పలేదు. ఆమెను గోడవైపు తిరిగి నిలబడమని, లాప్‌టాప్‌లో తనే కొట్టాడు.

ఇనప బీరువాలో పెడితే నెట్టు బయటికి రావడం కష్టమని ప్రసూన మెల్లగా అంది. వస్తువు బయట ఉండాలని ఈ అమ్మాయికి ఇంత పట్టుదల ఎందుకని కోటిలింగం ఆలోచనలో పడ్డాడు.

నెట్టు నిజంగానే నత్తనడక నడిచింది. ప్రసూన బీరువాకి వీపు ఆనించి కూర్చుంటే కాస్త వచ్చేది, వంటింట్లోకి వెళ్తే చచ్చేది. ఎవరో లాగేస్తున్నారు, సందేహం లేదు అనుకున్నాడు కోటిలింగం. మొదట యేసురత్నమే అనుకున్నాడు గానీ, వాడు ఉండేది పెద్దాపురంలో. దగ్గరి మనిషి కావాలి. సరిగ్గా అప్పుడే కింద వాటాలోంచి సీరియల్ పాట వినిపించింది.

కింద వాటాలో మరిడమ్మ బట్టలు కుడుతుంది. పొద్దున తొమ్మిదికి మిషన్ ఎక్కితే సాయంత్రం దాకా దిగదు. ఎదురుగా ఫోన్ నిలబెట్టుకుని సీరియళ్ళు పెట్టుకుంటుంది. తమ ఇంట్లో బొమ్మ ఆగి ఆగి వస్తుంటే ఆమె ఇంట్లో అత్తాకోడళ్ళు గుక్క తిప్పుకోకుండా తిట్టుకుంటున్నారు. ఇంకేం కావాలి? మంగళవారం ఒకసారి, బుధవారం రెండుసార్లు ఆయన ఆమె గుమ్మంలో నిలబడి కూపీ లాగాడు. మూడోసారి సూటిగానే అడిగాడు.

"మీ ఇంట్లోకి నెట్టు ఎక్కణ్ణుంచి వస్తోందమ్మా?"

మరిడమ్మ మిషన్ ఆపలేదు. "మీ మేడ మీంచి కారుతోంది బాబుగారూ. కింద బిందె పెట్టుకున్నాను" అంది.

అది వెక్కిరింత అని ఎవరికైనా తెలుస్తుంది. కోటిలింగం మాత్రం నేరం ఒప్పుకుందనుకుని మేడెక్కాడు.

గురువారం వచ్చింది. ప్రసూన తల దువ్వుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని, తెగుళ్ళ పేర్లు లోపల్లోపల వల్లించుకుంటూ బీరువా పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. కోటిలింగం అప్పటికే పథకం వేసుకున్నాడు. దొంగ ఏమరుపాటుగా ఉన్నప్పుడే పాస్‌వర్డ్ మార్చాలి. కింద సీరియల్ టక్కున ఆగిపోతే దొంగతనం రుజువైనట్టే. రెండు నిమిషాల పని. ఇంటర్వ్యూ వాళ్ళు మాత్రం అనుకున్న వేళకి ఎప్పుడు మొదలుపెట్టారు గనక? సరిగ్గా పదకొండుకి తన ఫోన్‌లోంచి పాస్‌వర్డ్ మార్చేసి, చప్పుడు కాకుండా మెట్ల మీదికి వెళ్ళి, మరిడమ్మ కిటికీ పైన చెవి పెట్టి కూర్చున్నాడు.

సీరియల్ ఆగలేదు.

పైన ప్రసూన లాప్‌టాప్‌లో ముగ్గురు మనుషులు కనబడి, నమస్కారం అన్నారు. ఆమె నమస్కారం సగంలో ఉండగా వాళ్ళు మాయమయ్యారు. ఆమె మామగారిని పిలిచింది. హాల్లో వెతికింది, డాబా మీద వెతికింది. మామయ్యగారూ అని ఆమె పిలిచిన పిలుపులన్నీ కోటిలింగానికి వినబడ్డాయి. పలికితే దొంగ జాగ్రత్త పడుతుందని ఆయన పలకలేదు. ఇంకో నిమిషం చూద్దామనుకున్నాడు. ఆ తర్వాత ఇంకో నిమిషం.

అంతలో ప్రసూన లాప్‌టాప్ గుండెలకి హత్తుకుని మెట్లు దిగింది. ఆయన అక్కడ ఎందుకున్నాడని అడిగే తీరిక కూడా లేక, ఆయన్ని రాసుకుంటూ వెళ్ళి మరిడమ్మ ఇంట్లో దూరింది. మిషన్ ఆగింది, సీరియల్ ఆగింది. మరిడమ్మ పాస్‌వర్డ్ ఒక్కో అక్షరం పైకే చెబుతోంది.

కోటిలింగానికి ఒళ్ళంతా వెలుగొచ్చినట్టయింది. దొంగా, ఇంటిదొంగా ఒకేచోట దొరికారు. ఇద్దరూ పనిలో మునిగేదాకా కాసేపు ఆగి, పంచె ఎగ్గట్టి లోపలికి దూకాడు.

"పట్టుకున్నాను! నా కొంపలో సొత్తు ఇద్దరూ కలిసి తింటున్నారా? పోలీసుల్ని పిలుస్తాను ఉండండి."

కుట్టుబల్ల మీద తెరిచి ఉన్న లాప్‌టాప్‌లోంచి ముగ్గురు మనుషులు కళ్ళార్పకుండా ఆయన్నే చూస్తున్నారు. వరి మీద పొడ తెగులు గురించి వాళ్ళడిగిన ప్రశ్నకి ప్రసూన చెబుతున్న జవాబు నోట్లోనే ఉండిపోయింది.

మరిడమ్మ చేతిలోని టేపుతో గోడ వైపు చూపించింది. దారపు ఉండల అర పైన, దీపాలు మిణుకుమంటూ ఒక రౌటర్ ఉంది.

"అది మా పెట్టె బాబుగారూ. రెండేళ్ళుగా అక్కడే ఉంది. మూడుసార్లు మా గుమ్మంలో నిలబడి నన్ను ఎగాదిగా చూశారు. ఒక్కసారి ఆ గోడ వైపు చూశారా?"

కోటిలింగం ఇప్పుడు చూశాడు.

లాప్‌టాప్‌లోంచి ఒక ఆడమనిషి గొంతు మర్యాదగానే వినబడింది. అమ్మాయి జవాబు బాగుందని అంది. అయితే ఇది ఇంట్లోంచి చేయాల్సిన పని, అవతల పంట పోయిన రైతు ఏడుస్తూ మాట్లాడుతుంటాడు, ఇంట్లో నెట్టూ నెమ్మదీ రెండూ ఉండాలి, మీ ఇంట్లో రెండూ ఉన్నట్టు లేదు, క్షమించండి అంది. తర్వాత బొమ్మ పోయింది. ఈసారి నెట్టు పోయి కాదు.

కోడలు ఏడుస్తుందనుకున్నాడు కోటిలింగం. లేదా అరుస్తుందనుకున్నాడు. రెండింటికీ జవాబు సిద్ధం చేసుకున్నాడు. ప్రసూన లాప్‌టాప్ మూసి, మరిడమ్మకి దండం పెట్టి, ఆయన ముందుకొచ్చి నిలబడింది. పెళ్ళయ్యాక మొదటిసారి ఆయన కళ్ళలోకి సూటిగా చూసింది.

"దొంగ దొరికాడా మామయ్యగారూ?" అంది.

కోటిలింగం మొలతాడు నుంచి బీరువా తాళంచెవి విప్పబోతే ముడి ఎంతకీ రాలేదు. మరిడమ్మ కత్తెర అందించింది. ఆ ఇంట్లో ఆ తర్వాత రౌటర్ నడిమి గదిలో అందరికీ కనబడేలా ఉంది. నెట్టు అన్ని గదుల్లోకీ ధారగా వచ్చేది. దాంతో చేయాల్సిన ఉద్యోగం మాత్రం వేరే ఊళ్ళో వేరే అమ్మాయి చేసుకుంటోంది.

కళ్ళెదుట ఉన్నదాన్ని చూడని అనుమానం దొంగని పట్టదు. మనవాళ్ళ నోటి దగ్గరి కూడు తీసేసి, చివరికి మనల్నే దొంగగా నిలబెడుతుంది.