పేరడిగే వేళ

మా గురువుగారు ఓరుగంటి మార్కండేయులు గారిని ప్రశ్న అడిగినవాడికి జవాబు ఏనాడూ నేరుగా దొరకలేదు. ఆయన వాదించరు. "అలాగా?" అంటారు, కండువా ఒక భుజం మీంచి ఇంకో భుజం మీదికి మార్చుకుంటారు, ఎక్కడిదో ఒక ముచ్చట ఎత్తుకుంటారు. అది పూర్తయ్యేసరికి అడిగినవాడు తన ప్రశ్న వంక తానే అనుమానంగా చూసుకుంటూ మెట్లు దిగుతాడు. ఈ తంతు ఏళ్ల తరబడి చూస్తున్నవాణ్ణి కనుక నేను మాత్రం నోరెత్తను. పక్కన చేరి అడిగినవాళ్ల మొహాలు చూస్తూ కూర్చుంటాను. అదో సరదా నాకు.

కాకినాడలో ఆయన డాబా మీద ఆదివారం సాయంత్రాలు కొందరం చేరి గ్రీకుల పాత వీరగాథలు ఆయన నోట వింటున్న రోజులవి. ఆ గాథల్లో యుద్ధాలు, ఓడలు, రాకాసులు ఎన్నున్నా గురువుగారికి ముద్దు మాత్రం ఒక ఆచారం మీద. ఆ కాలంలో గుమ్మంలోకి ఎవరొచ్చినా, చిరుగుపాతల బిచ్చగాడైనా సరే, కాళ్లకు నీళ్లిచ్చి, కూర్చోబెట్టి, కడుపునిండా పెట్టేవారట. ఆ తర్వాతే "నువ్వెవరు, ఏ ఊరు, మీవాళ్లెవరు?" అని అడిగేవారట. ముందే అడిగితే మర్యాద తప్పినట్టు. ఆ చిరుగుల్లో వచ్చినవాడు దేవుడే కావచ్చునని వాళ్ల భయం.

ఆ వేళ యజ్ఞేశ్వర్ పట్టుకున్నాడు ఈ సంగతి. కాలేజీలో అర్థశాస్త్రం చెబుతాడు, ఏదీ ఊరికే వదలడు. "ఏమీ అనుకోకండి గురువుగారూ. వాళ్లకి దేవుడొస్తాడేమోనన్న భయం ఉంది, పెట్టారు. మనకా భయం లేదు కదా! జంక్షన్‌లో ఎర్రలైటు పడితే చాలు, కారు అద్దం మీద టకటకా కొడతారు. వాళ్లలో దేవుడెవడూ లేడని నాకు తెలుసు. ఏడుపు నిజమో నటనో మాత్రం తెలీదు. మొన్న ఒకడు మెడలో స్కానర్ అట్ట వేలాడేసుకుని మరీ వచ్చాడండీ! మనిషెవరో, సంగతేమిటో తేల్చుకోకుండా ఎందుకు పెట్టాలి?" అన్నాడు. అడిగిన తీరు మాకందరికీ నచ్చింది. ఈసారి గురువుగారు ఇరుక్కున్నారనే అనుకున్నాం.

"అలాగా?" అన్నారు గురువుగారు. కండువా భుజం మారింది.

ఆయన బడిపంతులుగా పనిచేసే రోజుల్లో రత్నమాంబ గారని ఒకావిడ నాటక సమాజం నడిపేవారట. వేషం కట్టడం, కట్టించడం, లారీ మాట్లాడటం, కుర్రకారు ఈలలేస్తే తెర ముందుకొచ్చి నోళ్లు మూయించడం, సమస్తం ఆవిడే. గురువుగారు గ్రీకు గాథల్లోంచి ఒక కథ అల్లి, తెలుగు నాటకం చేసి ఆవిడ చేతిలో పెట్టారు. యుద్ధానికెళ్లిన రాజు సముద్రాల మీద తిరిగి తిరిగి, చివరికి బిచ్చగాడి వేషంలో తన ఇంటికే వస్తాడు. ఆ ఇంటినిండా రాణిని పెళ్లాడతామని వచ్చి తిష్ట వేసిన ప్రభువులు. రాజు తిండే తింటూ రాజునే వెక్కిరిస్తారు. రాణి మాత్రం ముందు అన్నం పెట్టిస్తుంది, ఆనక పేరడుగుతుంది. "ఈ ఇంటి యజమానిని నేనే" అంటాడతను. రాణి ఆ ప్రభువుల వైపు తిరిగి "లేవండి!" అని గర్జిస్తుంది. నాటకమంతా ఆ ఒక్క రంగం మీదే నిలబడాలి.

అది కాస్తా ఎక్కడా నిలబడలేదు. రాజు వేషం భుజంగం గారిది. ఆజానుబాహువు, గంట మోగినట్టుండే గొంతు, రోజూ గేదె పెరుగుతో భోంచేసే మనిషి. ఆయన చెయ్యి చాపితే అడుక్కుంటున్నట్టు ఉండేది కాదు, చందా వసూలుకొచ్చినట్టు ఉండేది. వెళ్లిన ప్రతి ఊళ్లోనూ ఆ రంగంలో జనం నవ్వారు, ఈలలేశారు, ఒకచోట తెర దించేదాకా ఊరుకోలేదు. చివరికి గోదావరి అవతల ఒక ఊళ్లో పరిషత్తు నాటక పోటీలకు పిలుపొచ్చింది. ఆ పొద్దున రత్నమాంబ గారు అందర్నీ కూర్చోబెట్టి చెప్పేశారు. "ఇవాళ కూడా ఈలలే పడితే ఇక్కడితో తెరలు చుట్టేద్దాం. ఎవరి ఊరికి వాళ్లు వెళ్లిపోండి. నేనింక ఈ జన్మలో మొహానికి రంగు పుయ్యను." ఆవిడ ఒక మాటంటే అంతే. 

సాయంత్రం నాటకం మొదలైంది. గురువుగారు పక్కతెర చాటున రాతప్రతి పట్టుకుని, మాట మరిచినవాళ్లకి అందించడానికి కూర్చున్నారు. భుజంగం గారికి మొదటి రంగాల్లో పనిలేదు. బిచ్చగాడి వేషంతోనే బయటికెళ్లి, కిళ్లీకొట్టు దగ్గర తీరిగ్గా చుట్ట కాల్చుకుని తిరిగొచ్చేసరికి గేటు దగ్గర వాలంటీర్లు అడ్డంగా నిలబడ్డారు. పరిషత్తు అధ్యక్షులవారు పొద్దున్నే అడుక్కునేవాళ్లనందరినీ గేటు దగ్గర్నుంచి తరిమించారు, మళ్లీ ఒక్కడు కనిపిస్తే ఊరుకోనన్నారు. "ఒరేయ్, నేను రాజునిరా!" అని భుజంగం గారు ఆ గంట గొంతుతో అరిచారు. "చిత్తం మహారాజా, పైకి దయచెయ్యండి" అన్నారు వాలంటీర్లు. ఆయన ఎంత అరిస్తే వాళ్లకి అంత నవ్వొచ్చింది.

ఇక్కడ రంగస్థలం వెనక సమాజం వాళ్ల వంట ఉడుకుతోంది. ఆ పప్పుచారు వాసన పట్టుకుని ఒక ముసలాయన గోడ పక్కనుంచి వచ్చి, ఏమీ అడక్కుండా, పెరటి గుమ్మంలో నిలబడ్డాడు. తెరలాగే అప్పలకొండ హడావుడిగా అటు వచ్చి చూశాడు. చిరుగుపాతలు, మాసిన గడ్డం, చేతికర్ర. "అయ్య బాబోయ్, ఇక్కడున్నారేటండీ భుజంగం గారూ! మీ రంగం వచ్చేసింది. వేషం మాత్రం ఇవాళ అదిరిందండీ!" అంటూ రెక్క పుచ్చుకుని ఒక్క ఊపున తీసుకెళ్లి దీపాల వెలుగులోకి తోసేశాడు. అసలైన బిచ్చగాణ్ణి చూసి వేషం అదిరిందనుకోవడం నాటకాల వాళ్లకే చెల్లింది.

ప్రభువు వేషంలో ఉన్నాయన తన మాట తాను అనేశాడు. "ఎవడ్రా నువ్వు? పో అవతలికి!" నాటకంలోనైతే రాజు కదలకుండా నిలబడి పెద్ద సంభాషణ చెప్పాలి. ముసలాయన "అలాగే బాబూ" అని వెనక్కి తిరిగాడు. జన్మంతా విన్న మాటే కదా, కొత్తేముంది? గురువుగారు కంగారుపడి "వెళ్లకూడదు, ఆకలికి గుమ్మాలన్నీ ఒకటే అనండి!" అని అందించారు. ముసలాయన తెర చాటుకి తొంగి చూసి, "అలా అనకూడదు బాబూ, కొడతారు" అన్నాడు మెల్లగా. అప్పుడు చూశారు గురువుగారు ఆ మొహాన్ని. అది భుజంగం గారి మొహం కాదు.

రత్నమాంబ గారూ చూశారు. సింహాసనం మీంచి ఆ మనిషి పగిలిన పాదాలు చూశారు, అవి భుజంగానివి కావు. సభలో అప్పుడే అక్కడక్కడా నవ్వులు మొదలయ్యాయి. అప్పలకొండకి తన పొరపాటు తెలిసి, తెర తాడు పట్టుకుని ఆవిడ సైగ కోసం చూస్తున్నాడు. ఒక్క సైగ చేస్తే తెర పడిపోతుంది, దాంతో సమాజమూ పడిపోతుంది. ఆవిడ చెయ్యెత్తారు. తెర దించమని కాదు, ముసలాయన్ని ఆగమని. "ఎవరని అడక్కండి. ముందు కూర్చోబెట్టి అన్నం పెట్టండి" అన్నారు. నాటకంలో రాణి మాటే అది.

భటుడు పీట వేసి, పెద్ద ఇత్తడి పళ్లెం తెచ్చి ముందు పెట్టాడు. అందులో రంగు పూసిన మట్టి లడ్లు. ముసలాయన ఒకటి తీసి నోటిదాకా తీసుకెళ్లి, మళ్లీ పళ్లెంలో పెట్టేశాడు. "అమ్మా, ఇది మట్టి" అన్నాడు. కోపం లేదు, నిష్ఠూరం లేదు, ఉన్నమాట చెప్పాడంతే. సభ గొల్లుమంది. వెనక బెంచీల నుంచి మొదటి ఈల పడింది. గురువుగారు కళ్లు మూసుకున్నారు. తన నాటకం కూడా ఆ లడ్డు లాంటిదేనని ఆ క్షణాన తోచిందట ఆయనకి.

రత్నమాంబ గారు సింహాసనం దిగారు. దిగి, తెర వెనక్కి తిరిగి, "ఏం, వినపడలేదా? అన్నం అన్నాను!" అని ఒక్క కేక పెట్టారు. ఆ కేక ఏ రాతప్రతిలోనూ లేదు. వంట చేస్తున్న సూరమ్మ దడుచుకుని, ఉన్న చీరతోనే, అరిటాకూ అన్నం గిన్నే పట్టుకుని దీపాల ముందుకి వచ్చేసింది. ఆకు పడింది. అన్నం, పప్పుచారు, వంకాయ కూర పడ్డాయి. వేడి అన్నం పొగలు ముందు వరసలోవాళ్లకి కనిపించాయి. రాణీగారు స్వయంగా చెంబుతో నీళ్లు వంచితే ముసలాయన చేతులు కడుక్కున్నాడు, నెమ్మదిగా కలుపుకుని తిన్నాడు. ఆబగా తినలేదు, మెతుకు కింద పడనివ్వలేదు. నిజంగా ఆకలేసిన మనిషి అన్నం తినడాన్ని ఆ సభలో పెద్దమనుషులు ఎవరూ అంతసేపు చూసి ఉండరు. చూడకుండా తప్పించుకోవడానికి వీల్లేదు, దీపాలన్నీ అక్కడే ఉన్నాయి. నవ్వు ఎప్పుడు ఆగిపోయిందో ఎవరికీ తెలీదు.

ఆయన చెయ్యి కడుక్కున్నాక రత్నమాంబ గారు ఎదుట నిలబడి అడిగారు. "ఇప్పుడు చెప్పండి అయ్యా. మీరెవరు? ఏ ఊరు? మీవాళ్లెవరు?" నాటకంలో "నువ్వు" అని ఉందట, ఆవిడ నోట "మీరు" అనే వచ్చింది.

ముసలాయన కర్ర ఊతంగా లేచి నిలబడ్డాడు. ఆ తర్వాత అన్నాడు. "నన్ను పేరడిగి ఎన్నాళ్లయిందో తల్లీ. నా పేరు నరసింగం. మాది సముద్రం పక్క ఊరు. మా నాన్న పేరు పోలయ్య, సొంత నావ ఉండేది. ఉప్పెనలో నావా పోయింది, ఊరూ పోయింది, నావాళ్లూ పోయారు." సూరమ్మ చేతిలో గిన్నె వంక చూశాడు. "మా ఇంట్లోనూ ఇంతేనమ్మా. ఎవరొచ్చినా ముందు కాళ్లకి నీళ్లు, తర్వాత కూడు, ఆనకే పేరు. ఆ ఇంటి యజమానిని నేనే."

రాతప్రతిలో ఉన్న మాట ఎవరూ అందించకుండానే ఆయన నోట వచ్చింది. గురువుగారి చేతిలో కాగితాలు జారి కింద పడ్డాయి, ఆయన తీసుకోలేదు.

రత్నమాంబ గారి కళ్లమ్మట నీళ్లు కారిపోతున్నాయి, రంగు కూడా కారిపోతోంది. తుడుచుకోలేదావిడ. ప్రభువుల వైపు తిరగాల్సిన మనిషి, ఏం తోచిందో, సభ వైపు తిరిగి గొంతెత్తారు. "లేవండి! ఇంటి పెద్ద నిలబడి ఉంటే మీరు కూర్చుంటారా?"

వేదిక మీద ప్రభువులు లేచారు, అది వాళ్ల పాత్ర. సభలో మొదట లేచింది పరిషత్తు అధ్యక్షులవారు. పొద్దున తరిమించిన మనిషే, కండువా సర్దుకుంటూ చటుక్కున లేచి నిలబడ్డారు. ఆయన వెనక న్యాయనిర్ణేతలు, ఆ వెనక ముందు వరసలు, కుర్చీలు కిర్రుకిర్రుమంటూ సభంతా లేచింది. వెనక బెంచీల్లో ఈల వేసినవాడు బెంచీ మీదెక్కి చప్పట్లు మొదలెట్టాడు. ఇంక ఆ హోరు ఆపడం ఎవరి తరమూ కాలేదట. ఆ హోరుకి గేటు దగ్గర వాలంటీర్లు కూడా లోపలికి పరిగెత్తితే, భుజంగం గారు దొరికిందే సందని వాళ్ల వెనకే వచ్చి, తన చోట నిలబడ్డ మనిషిని చూసి, సంగతి అర్థమై, రెండు చేతులూ పైకెత్తి ఆ గంట గొంతుతో "శభాష్!" అని అరిచారు. తెర తాడు వదిలేసి అప్పలకొండ కూడా చప్పట్లు కొట్టాడు. ఆ రంగానికి తెర పడనే లేదు. సమాజం తెరలు చుట్టనూ లేదు, ఆ ఏడు తిరగని ఊరు లేదు. నరసింగం గారు ఆ లారీలోనే ఎక్కారు. భుజంగం గారు ఆయన పక్కనే కూర్చుని, చెయ్యి ఎలా చాపాలో దారి పొడుగునా అడుగుతూనే ఉన్నారట.

గురువుగారు ఆపారు.  నేను పైకి చూస్తూ కూర్చున్నాను, కళ్లు తుడుచుకుంటే వీళ్లు చూస్తారని. యజ్ఞేశ్వర్ కూడా కదిలిపోయాడు, మొహంలో తెలుస్తూనే ఉంది. కానీ అర్థశాస్త్రం ఊరుకోనివ్వదు కదా! మెల్లగా అడిగాడు.

"గురువుగారూ, ఆ ఉప్పెన, ఆ నావ, ఆ ఇల్లు... ఆయన చెప్పిందంతా నిజమేనా? తర్వాత ఎవరైనా వాకబు చేశారా?"

"వాకబా?" అన్నారు గురువుగారు, ఆశ్చర్యంగా. "ఇంకెందుకు నాయనా? అప్పటికే ఆయన భోంచేశారు కదా!"