పొటాషియం గడియ తీసిన రోజు

ఒకప్పుడు మన ఒంట్లోని పొటాషియం ఇల్లు కదిలేదే కాదు.

తెల్లమ్మ అనే తెల్ల రక్తకణమే దాని ఇల్లు. ఒంట్లోకి జొరబడిన క్రిముల్ని తరిమికొట్టడం తెల్లమ్మ పని. కానీ ఆవిడది మొద్దునిద్ర. బయట ఉండే కాల్షియం లోపలికొచ్చి లేపితే తప్ప కదలదు.

తెల్లమ్మ గోడకు రెండు వాకిళ్లు. ఒకటి కాల్షియం లోపలికి రావడానికి, రెండోది పొటాషియం బయటికి వెళ్లడానికి. రెండో వాకిలికి పొటాషియం ఎప్పుడూ గడియ పెట్టుకునే ఉండేది.

ఎందుకంటారా? కుళ్లు!

"పుట్టినప్పటినుంచీ ఈ ఇంట్లో పడి ఉన్నది నేను. ఆ కాల్షియం గుమ్మంలో కాలు పెడితే చాలు, తెల్లమ్మ ఒళ్లు విరుచుకుంటుంది. నన్ను చూసి ఒక్కసారైనా లేచిందా? నేను కదిలితే నా చోటు కూడా అదే కొట్టేస్తుంది" అని గొణుక్కునేది.

ఇక్కడో చిక్కుంది. రెండింటిలోనూ ఉన్నది ఒకే రకం విద్యుత్తు. అవి పక్కపక్కన ఇమడలేవు, నెట్టుకుంటాయి. అందుకే కాల్షియం కాస్త లోపలికి రాగానే మిగతాది గుమ్మంలోనే ఆగిపోయేది. తెల్లమ్మ సగం కళ్లు తెరిచి మళ్లీ ముడుచుకునేది.

ఈ తెల్లమ్మ ఉండేది సీతాలు అనే పిల్ల ఒంట్లో. ఒకరోజు ఆ పిల్ల తొక్కుడుబిళ్ల ఆడుతూ పడింది. మోకాలు చెక్కుకుపోయి, మట్టితో పాటు క్రిములూ దూరాయి. మర్నాటికి మోకాలు వాచింది. ఒళ్లు కాలిపోతోంది.

"అమ్మమ్మా, సలుపుతోందే!"

"ఏదీ, చూడనీ తల్లీ. అయ్యో, ఇంత వాపేంటే!" అంది అమ్మమ్మ. ఆవిడకు భయం వేసింది.

ఒంటి లోపల, తెల్లమ్మ గుమ్మంలో ఆగిపోయిన కాల్షియం పొటాషియాన్ని బతిమాలింది. "అన్నా, కాస్త తప్పుకో. క్రిములు పెరిగిపోతున్నాయి. పాపం, పిల్ల ఏడుస్తోంది."

"తప్పుకుంటే ఇల్లంతా నీదవుతుందిగా?"

"నాదెలా అవుతుంది? పని అవగానే తెల్లమ్మ నన్ను బయటికి గెంటేస్తుంది. ఎప్పటికీ ఉండే ఇల్లు నీకుంది. నిన్ను చూస్తే నాకే కుళ్లు!"

పొటాషియం నోరు వెళ్లబెట్టింది. తనను చూసి కుళ్లుకునేవాళ్లు కూడా ఉన్నారని దానికి ఇన్నాళ్లూ తెలీదు. లోలోపల భలే సంతోషమేసింది. మీసాలుంటే మెలేసేదే! గడియ తీసి, దర్జాగా బయటికి నడిచింది.

వెంటనే కాల్షియం బిలబిలా లోపలికొచ్చింది. తెల్లమ్మ దిగ్గున లేచి క్రిముల మీద పడింది. జ్వరం తగ్గింది. సీతాలు కుంటుకుంటూ మళ్లీ ఆటకు పోయింది.

కాల్షియం చెప్పినట్టే తెల్లమ్మ దాన్ని బయటికి పంపేసింది. తర్వాత గుమ్మంలోకి వచ్చి, "రా నాయనా, నువ్వు లేక ఇల్లు బోసిపోయింది" అని పొటాషియాన్ని పిలిచింది.

అప్పటినుంచే, తెల్లకణంలోకి కాల్షియం వస్తుంటే పొటాషియం బయటికి వెళ్తుంది. పని అయ్యాక కాల్షియం బయటికి పోతుంది, పొటాషియం ఇల్లు చేరుతుంది. ఈ రోజుకీ ఒకదాన్ని చూసి ఒకటి కుళ్లుకుంటూనే ఉంటాయి. మీ మోకాలి దెబ్బలు మానుతున్నాయంటే ఆ కుళ్లు పుణ్యమే!