వేలిమందం

గట్టు మీద నిలబడి అడిగిన ప్రశ్నకు కపువా ఆంటీ జవాబు చెప్పేది కాదు. అడగదలచుకున్నవాళ్ళు చెప్పులు విడిచి, మోకాలిలోతు చేమ మడిలోకి దిగాలి. హవాయి దీవుల్లో ఒక లోయలో, ఆవిడ ముత్తవ్వల నాటి మళ్ళవి. కొండవాగు నీరు ఒక మడిలోంచి ఇంకో మడిలోకి జారి, చివరికి మళ్ళీ వాగులోనే కలుస్తుంది. శనివారాలు ఊళ్ళోవాళ్ళు వచ్చి, కూలి తీసుకోకుండా పని చేసి, పాత పద్ధతిలో చేమ పండించడం నేర్చుకుని పోతారు. ఆ దీవుల్లో పెద్దావిడలందరూ ఆంటీలే. ఆ ఒక్క విషయంలో సుభాషిణికి పుట్టింటికి వచ్చినట్టుండేది.

సుభాషిణికి యాభై ఎనిమిదేళ్ళు. పెళ్ళయ్యాక ఆ దీవిలోనే కాపురం. పదకొండేళ్ళు అత్తగారి మంచం పక్కన చాకిరీ చేసి, ఆవిడ పోయాక, నాలుగు నెలలుగా శనివారం పొద్దున్నే బస్సెక్కి ఇక్కడికి వస్తోంది. ఇప్పుడు బావగారు, భర్తకు అన్న, తుంటి విరిగి వీళ్ళింటికి చేరారు. మిగతా రోజులకు ఆయా కుదిరింది, శనివారానికి కుదరలేదు. ఇంట్లో నడవగలిగిన మగవాళ్ళు ఇద్దరున్నారు, భర్తా కొడుకూ. శనివారం ఇద్దరికీ తీరదు. ఒకరికి గోల్ఫు, ఒకరికి నిద్ర. ఆ బురద తొక్కుడేదో మానెయ్యరాదూ, నీకేమన్నా జీతమిస్తున్నారా అన్నాడు భర్త, చాలా మెత్తగానే. మెత్తగా అడిగితే ఆమె కాదనలేదని ముప్ఫై ఏళ్ళుగా ఆయనకు తెలుసు.

అందుకే ఆ రోజు మడిలోకి దిగి అడిగింది.

"ఆంటీ, వారంలో ఒక్క రోజు నాకని ఉంచుకుంటే అది స్వార్థమా?"

 ఆంటీ ఆమెను మూల మడికి తీసుకుపోయి, మూడు వారాల కిందట ఆమె తన చేత్తో నాటిన వరసలోంచి ఒక కాడ పీకమంది.

ఆ కాడల సంగతి చెప్పాలి. చేమకు విత్తనం చల్లరు. దుంప కోసుకుని, పై కాడను మళ్ళీ బురదలో గుచ్చుతారు. అదే రేపటి మొక్క. కోసేటప్పుడు కాడకు వేలిమందం దుంప వదిలెయ్యాలని ఆంటీ మొదట్లోనే చూపించింది. సుభాషిణికి ప్రాణం ఒప్పలేదు. వంకాయ తొడిమ దగ్గర కూడా కండ వదలని చెయ్యి అది. కాడ మెడకంటా కోసి దుంపంతా బుట్టలో వేసి, ఉత్త కాడలు నాటింది. ఆ రోజు అందరికంటే నిండిన బుట్ట ఆమెదే. ఉడికించి, దంచి, ముద్ద చేసి వడ్డించినప్పుడు, నీ చెయ్యి మంచిదని పంక్తంతా మెచ్చుకుంది. ఆమె మురిసిపోయి, తను తినడం కూడా మరిచిపోయింది.

ఇప్పుడు పట్టుకోగానే కాడ చేతిలోకి వచ్చేసింది. వేరు లేదు. అడుగంతా కుళ్ళి వాసన కొడుతోంది. రెండోదీ అంతే, మూడోదీ అంతే. పక్క వరసలో ఆంటీ నాటినవి మాత్రం రెండేసి ఆకులు విప్పుకుని, లాగితే బురదను పట్టుకుని రామన్నాయి.

"మీరు ఆ రోజే చూశారా?"

"చూశాను. నువ్వు పొగడ్తలు వింటున్నావు."

ఆ మాటలో కోపం లేదు. ఆంటీ ఆ కుళ్ళిన కాడలు గట్టు మీద పడేసి, సుభాషిణి చేతులు రెండూ కాలవ నీళ్ళలో ముంచి, పసిపిల్లకు కడిగినట్టు వేలు వేలూ కడిగింది. తన చేతులు ఇంకొకరు కడగడం సుభాషిణికి తెలివొచ్చాక అదే మొదలు. కళ్ళెత్తి చూడలేకపోయింది.

తర్వాత అప్పుడే పీకిన చేమనూ కత్తినీ ఆమెకు అందించింది ఆంటీ. కత్తి అలవాటుగా మెడ దగ్గరికే పోయింది. ఆగింది. సుభాషిణి వేలు ఆనించి కొలిచి, కత్తిని కిందికి జరిపి కోసింది. కాడకు తెల్లటి బిళ్ళంత దుంప మిగిలింది.

"అది ఎవరికి?" అంది ఆంటీ.

"దానికే."

బురదలో గుచ్చి, మొదలు దగ్గర కాలి మడమతో అదుముతుండగా గట్టు మీద సంచిలో ఫోను మోగింది. ఆగి మళ్ళీ మోగింది. బావగారి కాఫీ వేళ. కాఫీపొడి డబ్బా ఏ అరలో ఉందో ఆ ఇంట్లో ఆమెకొక్కదానికే తెలుసు. సుభాషిణి నడుమెత్తింది. ఒక కాలు బురదలోంచి లేచింది కూడా.

ఆంటీ ఆమె వంక చూడకుండానే ఇంకో కాడ చేతికిచ్చింది.

"బురద చేతులు. ఫోను పాడవుతుంది. ఇంకా రెండు వరసలున్నాయి."